ఆటను విప్పి కుట్టినవాళ్లు

పదిహేడేళ్లు వీడియో గేముల కంపెనీలో పనిచేశానంటే "అబ్బ, రోజంతా ఆడుకోవడమేగా!" అని ఇప్పటికీ అంటుంటారు. ఆడింది నేను కాదండీ. ఆడేవాళ్లు ఆడారు, నేను వాళ్లు పెట్టిన చివాట్లు చదివాను. విజిటింగ్ కార్డు మీద నా హోదా రెండు వరసలు ఉండేది. పని మాత్రం ఒక్కటే. ఆట నచ్చినవాళ్లు, నచ్చనివాళ్లు, ఆటను విప్పి తమకు కావలసినట్టు మార్చుకున్నవాళ్లు ఏం చేస్తున్నారో చూసి, ఎవరిని ఉండనివ్వాలో ఎవరిని బయటికి పంపాలో తేల్చడం. పోయినేడాది రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "ఏం నేర్చుకోమంటారు మేడం?" అని అడుగుతున్నారు. నేర్చుకోవడానికి కోర్సులు బోలెడున్నాయి. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పుల గురించి, వాటిలోంచి నన్ను బయటికి లాగినవాళ్ల గురించి.

మా ఆఫీసు శంషాబాద్‌లో, సోఫాలు అమ్మే షాపు పైన మూడో అంతస్తు. విమానం దిగుతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక మిగతా సగం చెప్పేవాళ్లం. మేం చేసిన వాటిలో జనానికి బాగా పట్టింది గాలిపటాల ఆట. ఫోన్లో ఆడేది. ఎడమ బొటనవేలితో గాలిపటాన్ని తిప్పాలి, కుడి బొటనవేలితో దారం లాగాలి, వదలాలి. ఒకే ఆకాశంలో నలుగురైదుగురు ఎగరేస్తారు. దారాలు మెలిపడ్డాక ఎవరిది తెగితే వాళ్లు ఆ ఆటకు అవుట్.

ఆట అంటే పైకి ఒకటే వస్తువుగా కనిపిస్తుంది గానీ లోపల అదొక ఫైళ్ల మూట. బొమ్మలు కొన్ని, చప్పుళ్లు కొన్ని, గాలి ఎంత, దారం బిగువు ఎంత అని చెప్పే అంకెలు కొన్ని. తెలిసినవాళ్లు ఆ మూట విప్పుతారు, ఒక ఫైలు తీసి తమ ఫైలు పెడతారు. దాన్నే మాడ్ అంటారు. రెడీమేడ్ చొక్కా కొని, భుజాలు వదులయ్యాయని దర్జీ దగ్గర కుట్టించుకోమా? ఇదీ అంతే. మా పైఅధికారి రాఘవరావు గారికి మాత్రం ఈ పోలిక నచ్చేది కాదు. "చొక్కా కుట్టినవాడు చేతకానివాడనేగా మీరంటున్నది?" అనేవారు. ఆయన మంచి ఇంజనీరు. తన పని మీద ఇంకొకరి చెయ్యి పడితే ఓర్చుకోలేని మనిషి. చేరిన కొత్తలో నేనూ అంతే.

అఫా

నా మొదటి పెద్ద తప్పు ఒక్క మాట దగ్గర జరిగింది. మా ఆటలో దారం తెగినప్పుడు గంట మోగేది. ఒకతను ఆ గంట తీసేసి మనుషుల కేకలు పెట్టాడు. విన్నాను. పదిమంది గొంతు చించుకుని "అఫా! అఫా!" అని అరుస్తున్నారు. నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర. ఇదేదో ఉర్దూ బూతు అయ్యుంటుందని నాకు నేనే తీర్మానించుకుని, పక్కవాళ్లను ఒక్క మాటైనా అడగకుండా ఆ మాడ్ తొలగించాను. చేసినతనికి హెచ్చరిక కూడా పంపాను.

మర్నాడే ఫోన్ వచ్చింది. పేరు ఖాజా అన్నాడు. శంషాబాద్ మనిషే. ఎయిర్‌పోర్టు కార్గోలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడట.

"మేడం, నా ఫైలు ఎందుకు తీసేసిన్రు? దాంట్ల ఏం తప్పున్నది?"

"అందులో బూతులున్నాయండీ."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. విమానం పోతోందేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నాడు.

"అఫా బూతెట్లయితది మేడం? పతంగి కోసినంక గట్లనే ఒర్రుతరు. మీ దిక్కు తెగితే ఏమంటరు?"

"ఏమంటాం? తెగింది అంటాం."

"గంతేనా? మరి ఎగరేసుడెందుకు మేడం?"

ఆ కేకలు ఎక్కడివని అడిగితే కొత్వాల్‌గూడలో వాళ్ల చిన్నమ్మ వాళ్ల డాబా మీద ఫోన్ పెట్టి రికార్డు చేశానన్నాడు. "మా ఇంటి మీదికెల్లి విమానాలు దిగుతయి గద, ఈడ పతంగి ఎగరెయ్యొద్దంటరు. గందుకే మేమంత ఫోన్లనే ఎగరేస్తం. ఫోన్ల సుత గంట గొడితే ఎట్ల మేడం?"

ఆ సాయంత్రమే మాడ్ తిరిగి పెట్టి, నా పేరుతో క్షమాపణ రాశాను. మేం ఆటకు గాలిపటం అని పేరు పెట్టుకున్నాం. ఆడేవాళ్లలో సగానికి పైగా దాన్ని పతంగి అంటున్నారని ఆ రోజుదాకా నేను గమనించనే లేదు. తెలియని మాట కనిపిస్తే తెలిసినవాళ్లను అడగండి. ఇది చెప్పడానికి పదిహేడేళ్ల అనుభవం అక్కర్లేదు, కానీ నాకది ఫోన్లో ఒకరు నవ్వితే గాని తెలియలేదు.

కొత్వాల్‌గూడ గాలి

అదే ఖాజా ఆరునెలల తర్వాత గాలిని మార్చాడు. మా ఆటలో గాలి ఒకే తీరుగా, ఒకే వైపు నుంచి వీచేది. అతను ఆ అంకెలు విప్పి, హిమాయత్‌సాగర్ వైపు నుంచి సాయంత్రం వచ్చే గాలిలా చేశాడు. కాసేపు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి దారం చేతిలోంచి గుంజుకుపోతుంది, మళ్లీ జావగారిపోతుంది. రాఘవరావు గారు దాన్ని ఫోన్లో పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా ఆడారు. భోజనానికి పిలిస్తే రాలేదు. చివరికి కళ్లజోడు తీసి "ఇతను ఎక్కడ చదివాడు?" అని అడిగారు. డాబా మీద చదివాడన్నాను. ఆయన నవ్వలేదు.

నిజం చెబుతున్నాను, మా ఆఫీసులో జీతం తీసుకుని చేసిన ఏ పనికీ నేను అంత మురిసిపోలేదు. మాకు విడుదల తేదీ ఉంటుంది, ఆ తేదీకి ఎంత కుదిరితే అంతే గాలి. అతనికి ఏ తేదీ లేదు. డ్యూటీ దిగి, అన్నం తిని, సరిగ్గా లేదనిపించినన్నాళ్లూ ఆ అంకెలు సర్దుతూనే ఉన్నాడు. ఇలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను. బొమ్మలు మార్చినవాళ్లు, చూపు తక్కువున్న తల్లి కోసం దారాలన్నీ లావుగా పసుపు రంగులో గీసినామె, ఆటలో ఆకాశం మరీ ఖాళీగా ఉందని గద్దలను పెట్టినాయన. ఎవరూ అడగని పని, ఎవరైనా మెచ్చుకుంటారన్న హామీ లేని పని. దండం పెట్టాలనిపించేది.

దొంగలు లేరని కాదు. తెగని దారాలు తయారుచేసి పంచేవాళ్లు, ఇంకొకరి మాడ్ ఎత్తుకొచ్చి తమ పేరు తగిలించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల వల్ల తల ప్రాణం తోకకొచ్చేది. అందుకే దొంగాట పట్టే ఒక ఏర్పాటు చేశాం. మనిషి వేళ్లతో సాధ్యం కానిది ఏదైనా ఆటలో జరిగితే ఆ పేరు నా ముందుకొస్తుంది. నేనొక బటన్ నొక్కితే ఆ ఖాతా మూతపడుతుంది. మొదట్లో ఒక్కో పేరునూ రెండుసార్లు చూసేదాన్ని. పోనుపోను చూడకుండానే నొక్కడం అలవాటైంది.

స్వరూప

అలా నొక్కిన పేర్లలో ఒకటి స్వరూప. నొక్కినట్టు కూడా నాకు గుర్తులేదు. నాలుగు రోజుల తర్వాత ఖాజా ఆమెను వెంటబెట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి. తొండుపల్లిలో వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో పని. స్కూటీ మీద నుంచి పడితే భుజం దగ్గర నరం దెబ్బతిని కుడిచెయ్యి లేవకుండా పోయింది. అంతకు ముందు ట్రేలు సర్దేది, ఇప్పుడు ఎడమచేత్తో లేబుళ్లు అంటిస్తోంది. ఖాజా భార్య అక్కడే పనిచేస్తుంది, అలా పరిచయం.

"మధ్యాహ్నం తిన్నంక మేమంత పతంగి ఆడుతం మేడం," అంది స్వరూప. "చెయ్యి పోయినంక నేను సూసుకుంట గూసునేదాన్ని. ఖాజా అన్న ఒక్క ఏలుతోని ఆడేటట్టు చేసిచ్చిండు. రెండు నెలలు ఆడిన. మొన్న తెరుస్తే, నువ్వు దొంగవు, నీకు ఆట లేదు అని వచ్చింది."

ఆ మాట రాసింది నేనే. అంత మొరటుగా కాదు, మర్యాదగల తెలుగులోనే రాశాను. అర్థం మాత్రం అదే.

ఖాజా చేసింది ఇదీ. ఆమె ఒకే బొటనవేలితో కాసేపు గాలిపటాన్ని తిప్పాలి, కాసేపు దారం చూసుకోవాలి. వేలు అటు నుంచి ఇటు మారే అర సెకను పాటు గాలిపటం తిరిగిన వైపే నిలిచి ఉండేలా ఒక అంకె మార్చాడు. వేలు లేకుండా నిలిచింది కాబట్టి మా ఏర్పాటు దాన్ని దొంగాట అనుకుంది. నేను నా రెండు చేతులతో ఆ మాడ్ ఆడి చూశాను. లాభమేమీ లేదు, పైగా నష్టమే. ఒకేసారి రెండు పనులు చేయగలిగినవాళ్లదే ఎప్పుడూ పైచేయి. ఆ అర సెకను ఆమెను బరిలో నిలబెడుతుందంతే.

ఆ మాడ్‌ను ఉండనిద్దామంటే రాఘవరావు గారు ససేమిరా అన్నారు. ఒక మాడ్‌కు తలుపు తెరిస్తే తెగని దారాలవాళ్లు అదే దారిలో దూరతారని ఆయన భయం. భయం అబద్ధం కాదు. వారం రోజులు ఆయనతో వాదించాను. చివరికి, బయటివాళ్ల ఫైలు వద్దు, మనమే ఒంటిచేతి ఆట ఒకటి పెడదామని ఒప్పించాను. అది ఎలా ఉండాలో చెప్పింది కూడా నేనే.

ఆటలో అరటిపండు

చిన్నప్పుడు మా వీధిలో దొంగా పోలీసు ఆడుతుంటే మా చెల్లెలు వెంటపడేది. మూడేళ్ల పిల్ల. దాన్ని ఆటలో అరటిపండు అనేవాళ్లం. అందరితోపాటు పరిగెత్తొచ్చు, ముట్టుకున్నా అవుట్ కాదు, లెక్కలో ఉండదు. అది సంతోషంగా ఆడుకునేది, మా ఆటకూ అడ్డం లేదు. నాకు అదే తట్టింది. ఒంటిచేత్తో ఆడేవాళ్ల దారం తెగదు, వాళ్ల గెలుపు పట్టికలోకి ఎక్కదు. దొంగాట భయం లేదు, ఎవరికీ బాధ లేదు. రాఘవరావు గారు మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు. ఫైలులో దానికి మేం సరదాగా పెట్టుకున్న పేరు కూడా అరటిపండే.

కొత్త వెర్షన్ వచ్చింది. వెర్షన్ మారితే పాత మాడ్లు పనిచేయవు కాబట్టి ఖాజా ఫైలు చచ్చిపోయింది. స్వరూప ఖాతా తెరిచాం. నేను గొప్ప పని చేశానన్న మత్తులో ఉన్నాను. నెల తిరక్కుండా ఆమె ఫోన్ చేసింది.

"మేడం, నన్ను ఆటల అరటిపండును చేసిన్రా?"

ఆ మాట ఎక్కడిదన్నాను.

"ఖాజా అన్న ఫైలు ఇప్పి సూపెట్టిండు. మీరే రాసిన్రు గద, ఒక్క చేతితోని ఆడేటోళ్లు అరటిపండు అని."

ఇది రాసిపెట్టుకోండి. మీరు లోపల ఏ పేరు పెట్టినా ఎవరో ఒకరు విప్పి చదువుతారు. మూట విప్పేవాళ్లని మెచ్చుకుంటూ పదేళ్లు గడిపిన నాకే అది తట్టలేదు.

నిజం దాచను, ముందు కోపమొచ్చింది. పైవాళ్లతో వారంపాటు కొట్లాడింది ఇందుకా అనుకున్నాను. "తెగకుండా ఎంతసేపైనా ఎగరేసుకోవచ్చు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాను. గొంతులో విసుగు నాకే వినబడింది.

"ఒక్కసారి పగటీలి అన్నం టైముకు రాండ్రి మేడం," అని పెట్టేసింది.

వెళ్లాను. వంటశాల వెనక రేకుల షెడ్డు, బెంచీలు. ఐదుగురు ఆడవాళ్లు డబ్బాలు మూసి ఫోన్లు తీశారు. ఆకాశంలో ఐదు పతంగులు లేచాయి. వాటిలో నాలుగు ఒకదాని మీదికి ఒకటి పోతున్నాయి, లాగుతున్నాయి, వదులుతున్నాయి. "యాదమ్మా, నీ పనైపాయె ఇగ!" అని ఒకామె, "నీ మొకం, సూసుకో జర!" అని యాదమ్మ. బెంచీ అంతా ఊగిపోతోంది. స్వరూప పతంగి వాళ్ల దగ్గరికి వెళ్తే పక్కకు తప్పుకున్నారు. తెగనిదానితో దారం మెలేసి పేంచ్ వేస్తే ఏం లాభం? అది పైకి, ఇంకా పైకి పోయింది. దాన్ని ఎవరూ తిట్టలేదు. ఎవరూ కనీసం చూడలేదు. ఆమె ఫోన్ తెర మీద నీలం తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది, వాళ్ల ముందు బాగుండదని నీళ్లసీసా ఎత్తి తాగాను.

మా చెల్లెలికి మూడేళ్లు. స్వరూపకు ముప్పై నాలుగు.

పేరెందుకు

మర్నాడు రాఘవరావు గారికి ఒక పేజీ రాశాను. మేం చేసింది తప్పు, ఆ తప్పు నాది, ఖాజా చేసింది సరైనది. ఆయన చదివి "అంటే అభిమాని ఫైలు తెచ్చి మన ఆటలో పెట్టాలా?" అన్నారు.

"పెట్టాలండీ. అడిగి, అతని పేరుతోనే పెట్టాలి."

"ఆ అర సెకను ఎలా తేల్చాడు? ముప్పావు సెకను ఎందుకు కాదు?"

"పిలిచి అడుగుదాం."

ఖాజా డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. ఆయన ముందు కూర్చుని, ఏ అంకె పెడితే ఆమె మరీ సులువుగా గెలిచిందో, ఏ అంకె దగ్గర మరీ తొందరగా ఓడిందో ఒక్కొక్కటీ చెప్పాడు. "గెలుసుడు ఓడుడు ముందటి లెక్కనే ఉండాలె సార్. యాక్సిడెంట్ కంటె ముందు ఆమె పదాట్లల నాలుగు గెలిసేది. గదే వచ్చేదాంక సర్దిన." రాఘవరావు గారు లేచి ఆయనే వెళ్లి చాయ్ తెచ్చిచ్చారు. ఆయన ఎవరికైనా చాయ్ తెచ్చివ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

దానికి ఏం పేరు పెడదామన్న దగ్గర మేం గంటసేపు తలలు పట్టుకున్నాం. నేను స్వరూపకే ఫోన్ చేశాను.

"పేరెందుకు మేడం?" అంది. "సెట్టింగ్‌ల ఒక్క ఏలు, రెండు ఏళ్లు అని పెట్టున్రి. ఎవలకు గావాల్నో ఆళ్లు పెట్టుకుంటరు. అవుతలోళ్లకు తెల్వనే వద్దు."

అలాగే పెట్టాం. దారం తెగుతుంది. ఓటమి లెక్కలోకి వస్తుంది, గెలుపూ వస్తుంది. ఆట చివర వచ్చే పేర్లలో ఖాజా పేరు చేరింది. తర్వాత ఆ సెట్టింగ్ గురించి నాకు చాలా ఉత్తరాలొచ్చాయి. చంటిబిడ్డను ఒక చేత్తో పట్టుకున్న తల్లులు, బస్సులో పైన కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లెవరినీ మేం ఊహించలేదు.

ఆ వెర్షన్ వచ్చిన రోజు నేను షెడ్డుకు వెళ్లలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంది, కానీ నేను చూస్తుంటే వాళ్లు మొహమాటపడి ఆమెను వదిలేస్తారేమోనని ఆగిపోయాను. నా బల్ల దగ్గరే కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఫిర్యాదుల పెట్టెలో ఒకటి పడింది. పంపినవారు స్వరూప.

"యాదమ్మ నా పతంగి కోసింది. ఒకసారి గాదు, మూడుసార్లు. నా ముందట కూసోని నవ్వుకుంట కోసింది. అది పక్కా దొంగాట ఆడుతున్నది. దాని ఫైలు ఇప్పి సూడున్రి."

రెండుసార్లు చదివాను. తర్వాత దాన్ని అందరి ఫిర్యాదుల్లాగే వరసలో పెట్టాను. దాని వంతు మర్నాడు సాయంత్రం వచ్చింది. యాదమ్మ ఆడిన మూడు ఆటలూ మొదటి నుంచి చివరిదాకా చూసి, రోజూ ఎందరికో రాసే జవాబే ఆమెకూ రాశాను. "పరిశీలించాం. దొంగాట ఏమీ జరగలేదు. మీరు ఓడిపోయారు."

ఐదు నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది.

"సరే మేడం. రేపు దాని సంగతి జెప్త."